హెడ్డాఫీసు: మూడో ప్రయోగం

జూన్ 3, సోమవారం

నిఘంటువు ఆఫీసు నుంచి ప్రూఫులు వచ్చాయి. హ సంపుటం, ‘హెచ్చరిక’ నుంచి ‘హేళన’ దాకా, పద్నాలుగు పేజీలు. పైన ఎడిటరుగారి ఉత్తరం. ‘మీ పరిస్థితి తెలుసు. అయినా పంపుతున్నాను. చేతిలో పని ఉంటే కొంత నయమని నా అనుభవం.’

ఆయన అనుభవం ఏమిటో నాకు తెలియదు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. నాకు తెలిసినంతలో ఆయన పోగొట్టుకున్నవల్లా గొడుగులు.

అబ్బాయి పోయి ఇవాళ్టికి ఇరవై అయిదు రోజులు. ఈ వాక్యంలో దిద్దాల్సిందేమీ లేదు. లిఫ్టు మెకానిక్, నలభై రెండేళ్ళు, ఏడో అంతస్తు నుంచి.

ప్రూఫులో ‘హెడ్డాఫీసు’ దగ్గర ఎడిటరుగారు ఎర్ర సిరాతో గీత గీశారు. నేను ఏప్రిల్లో పంపిన అర్థం ఒక్క ముక్కే: ‘చూ. ప్రధాన కార్యాలయం’. దాని పక్కన ఆయన రాత: ‘ఇది చాలదు. బోర్డుల మీద ప్రధాన కార్యాలయం అని రాసుకున్నా నోటితో ఎవరూ అలా అనరు. నోటి మాటకి వేరే రంగు ఉంది. అర్థం విడిగా రాయండి. నెలాఖరు.’

‘ప్రధాన కార్యాలయం’ కూడా నేను రాసిందే, పన్నెండేళ్ళ కిందట, ప సంపుటంలో. ‘ఒక సంస్థ శాఖలన్నిటికీ పైన ఉండి వాటిని నడిపే ముఖ్యమైన కార్యాలయం.’ తప్పు లేదు. ఉప్పూ లేదు.

అర్థం కింద మూడు ప్రయోగాలు అచ్చయ్యాయి. మొదటిది, ‘అతనికి హెడ్డాఫీసుకు బదిలీ అయింది.’ రెండోది, ‘మా చేతుల్లో ఏమీ లేదు, అంతా హెడ్డాఫీసు చూసుకుంటుంది.’ మూడోది సరిగానే ఉంది. కామా కూడా ఉండాల్సిన చోటే ఉంది. దాని జోలికి పోలేదు.

జూన్ 4

ప్రూఫు ముట్టుకోలేదు. కంచాలు కడిగాను. నాలుగు తీశాను, ఒకటి మళ్ళీ లోపల పెట్టాను.

జూన్ 6, గురువారం

లిఫ్టు కంపెనీ బ్రాంచి మేనేజరు వచ్చాడు. చేతిలో పళ్ళ సంచి, చంకలో ఫైలు. ఏది ముందు ఇవ్వాలో తెలియక రెండూ ఒకేసారి బల్ల మీద పెట్టాడు.

“మేమంతా చాలా బాధలో ఉన్నామండీ. హెడ్డాఫీసు కూడా చాలా బాధపడుతోంది.”

“హెడ్డాఫీసుకు బాధ కూడా తెలుస్తుందా నాయనా?” అన్నాను.

కోడలు నా వంక చూసింది. మేనేజరు ఫైలు వంక చూశాడు.

కాగితం ఒకటి తీశాడు. ప్రమాదం మీద నివేదిక. హెడ్డాఫీసులోనే తయారయిందట, కింద కోడలు సంతకం పెట్టాలట. అన్ని కాగితాలూ చదివినట్టే చదివాను, అంటే తప్పులు వెతుకుతూ. ‘ప్రమాద సమయమున మృతుడు సేఫ్టీ బెల్టు ధరించి యుండలేదు. ప్రమాదమునకు కారణము మృతుని స్వీయ నిర్లక్ష్యము.’ కింద గీత. గీత కింద ‘చదివి అంగీకరించితిని’. ఈ భాష ఇంకా బతికే ఉందన్నమాట.

“బెల్టులన్నీ పీలికలయ్యాయి, కొత్తవి పంపమని రాశాను అని ఆయన ఎన్నిసార్లు అన్నారో,” అంది కోడలు. గొంతు పెంచలేదు. స్కూల్లో సైన్సు చెప్పే మనిషి, ఏ మాటకి ఎంత గొంతు కావాలో తెలుసు.

“లేదమ్మా. హెడ్డాఫీసు వాళ్ళని అడిగాం. అలాంటి ఉత్తరం ఏదీ వాళ్ళకి చేరలేదు. అసలు రాసినట్టే లేదు. మీ దగ్గర ఏదన్నా కాపీ ఉంటే చూపించండి, నేనే తీసుకెళ్తాను.”

“ఇంట్లో ఎందుకుంటుంది? మీ బ్రాంచి ద్వారానే కదా పంపేది.”

“అదే అంటున్నానమ్మా. ఏమీ లేదు.”

ఈ నెల పంతొమ్మిదిన కార్మిక శాఖలో విచారణట. ఈలోగా సంతకం పెడితే విచారణ పేరుకే జరుగుతుంది, మాకు రావలసింది త్వరగా వస్తుంది. పెట్టకపోతే?

“పెట్టకపోతే హెడ్డాఫీసు ఏమంటుందో నేను చెప్పలేనమ్మా. నా చేతుల్లో ఏమీ లేదు.”

రెండో ప్రయోగం ఎంత చక్కగా నిలబడిందో చూసుకున్నాను.

అతను వెళ్ళాక కోడలు కాగితాన్ని మడవకుండా బల్ల మీదే ఉంచింది. “వచ్చేది ఎప్పుడన్నా రానీండి అత్తయ్యా. ఈ వాక్యం మాత్రం ఉండకూడదు. పదేళ్ళు పోయాక నా కూతురు ఈ కాగితం చదువుతుంది. వాళ్ళ నాన్నకి తన ప్రాణం మీదే శ్రద్ధ లేదని చదువుతుంది.”

మేనేజరు ‘హెడ్డాఫీసు’ అన్నది పదకొండు సార్లు. ‘మీ అబ్బాయి’ అన్నది ఒకసారి. లెక్కపెట్టడం అలవాటు.

జూన్ 7

అర్థం రాయడానికి కూర్చున్నాను. ‘హెడ్డాఫీసు: పెద్ద ఆఫీసు.’ కొట్టేశాను. ‘పై ఆఫీసు.’ కొట్టేశాను. అది నేలమాళిగలో ఉన్నా పై ఆఫీసే.

మూడో ప్రయోగం సరిగానే ఉంది.

జూన్ 9, ఆదివారం

గ్రీజు వచ్చాడు. అబ్బాయితో పదిహేనేళ్ళు కలిసి పనిచేసిన పెద్ద మెకానిక్. ఎన్నిసార్లు కడిగినా చేతుల నలుపు పోదని వాళ్ళు పెట్టుకున్న పేరు. మనవరాలు ‘గ్రీజు పెదనాన్న’ అంటుంది. పలుకుతాడు.

లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ తిన్నగా వంటింట్లోకి వచ్చి మూతలు తీసి చూసే మనిషి.

కోడలు గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. “అన్నయ్యా, నువ్వు చెప్పు. బెల్టుల కోసం ఆయన రాశారా లేదా?”

“రాశాడేమో చెల్లెమ్మా. ఆ కాగితాల గొడవ వాడు చూసుకునేవాడు. నాకు చదువెక్కడిది?”

“చదువు లేకపోతే పోనీ, చూశావా లేదా?”

అరచేతులు తిప్పి చూసుకున్నాడు. “నాకింకా రెండేళ్ళ సర్వీసుంది చెల్లెమ్మా.”

ఆ సంగతి ఎవరూ అడగలేదు. టీ ఇచ్చాను. తాగి, కప్పు తనే కడిగి, బోర్లించి వెళ్ళాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మనవరాలు, “బూట్లు వేళ్ళని కొరికేస్తున్నాయి నానమ్మా,” అంది. ‘కొరుకు’ అన్న క్రియకి బూట్లు కర్తగా నా దగ్గర ప్రయోగం లేదు. క సంపుటం అచ్చయి చాలా ఏళ్ళయింది, అయినా అనుబంధంలో వేయొచ్చు. చీటీ రాసి సంచిలో వేశాను. ‘విద్యార్థిని, 13. ఇల్లు, భోజనం. జూన్ 9.’

జూన్ 10

నిద్ర బాగానే పట్టింది. అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

జూన్ 11, మంగళవారం

మూడో ప్రయోగం ఇది.

‘హెడ్డాఫీసుకు మూడుసార్లు రాశాను, ఇంకా ఉలుకూ పలుకూ లేదు.’

మాట అబ్బాయిది. ఏప్రిల్ పద్నాలుగు, ఆదివారం. అదే బల్ల. అతను కంచం ముందు కూర్చుంటూ అన్న మాట ఇంకొంచెం పొడుగు. “హెడ్డాఫీసుకు మూడుసార్లు రాశానమ్మా కొత్త బెల్టులు పంపమని, ఇంకా ఉలుకూ పలుకూ లేదు.”

నేను చేతిలో గరిటె అక్కడే పెట్టి చీటీల కోసం లేచాను. హ సంపుటంలో ఈ మాటకి మూడో ప్రయోగం దొరక్క వారం రోజులుగా తిరుగుతున్నాను. ‘ఉలుకూ పలుకూ’ తోడు రావడం ఇంకా బాగుంది. “ఆగు, ఆగు. ఆ మాట మళ్ళీ చెప్పు,” అన్నాను.

నవ్వాడు. డిక్టేషను ఇచ్చినట్టు ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పాడు. “కామా ఎక్కడ పెట్టాలో నువ్వే చూసుకో,” అన్నాడు.

మా నిఘంటువులో ప్రయోగం ఏడు మాటలు దాటకూడదు. నియమం నేను పెట్టిందే, ఇరవై రెండేళ్ళ కిందట, కొత్తగా చేరినవాళ్ళు పేజీలకి పేజీలు ఎక్కించుకు వస్తుంటే. అబ్బాయి మాట పది మాటలయింది. శుద్ధప్రతి రాసేటప్పుడు ‘కొత్త బెల్టులు పంపమని’ తీసేశాను. పదానికి ఆ మూడు మాటలతో పని లేదు. చిత్తు చీటీ చించేశాను. అదీ నియమమే. రెండు ప్రతులుంటే గందరగోళం.

శుద్ధప్రతి ఆ మర్నాడు నిఘంటువు ఆఫీసుకు వారం మూటలో వెళ్ళింది.

పాతిక రోజుల తర్వాత అబ్బాయి పోయాడు.

అతను అన్న మాట రెండుసార్లు విన్నాను. రెండోసారి నేనే చెప్పించుకున్నాను. బెల్టు ఏమిట్రా, ఎందుకు పంపడం లేదు, పంపేదాకా నువ్వు పైకి ఎందుకు ఎక్కుతున్నావు అని అడగలేదు. ‘ఉలుకూ పలుకూ’ ఉ సంపుటంలో ఉందో లేదో చూసుకోవడానికి లేచాను.

ఉంది.

జూన్ 12, బుధవారం

కోడలికి చెప్పాను. స్కూలు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు. నిలబడే విన్నది.

“ఆ కార్డు ఇప్పుడెక్కడుంది?”

“నిఘంటువు ఆఫీసులో.”

“బెల్టులు అని ఉందా దాని మీద?”

“లేదు. తీసేశాను.”

చెప్పులు విప్పి జతగా పెట్టింది. మళ్ళీ వంగి వాటిని సరిచేసింది. అప్పటికే సరిగా ఉన్నాయి.

“నేను వంటింట్లోంచి విన్నాను అత్తయ్యా,” అంది. “మీరు మళ్ళీ చెప్పించుకుంటున్నారు, ఆయన నవ్వుతున్నారు. అమ్మ పట్టించుకుంది, ఇంక ఏదో ఒకటి అవుతుంది అనుకున్నాను. మీరు దేని కోసం రాసుకున్నారో నాకు తెలియదు.”

గదిలోకి వెళ్ళింది. తలుపు మామూలుగానే వేసింది. గట్టిగా వేస్తే బాగుండేది.

జూన్ 13

కోడలు నాతో మాట్లాడుతోంది. పాలు అయిపోయాయి అని, వాన వచ్చేలా ఉంది అని. అన్నీ పూర్తి వాక్యాలే.

జూన్ 14, శుక్రవారం

నిఘంటువు ఆఫీసుకు వెళ్ళాను. బస్సులో గంట. రెండో అంతస్తు. ఆ భవనంలో లిఫ్టు ఉంది. మెట్లెక్కాను, నలభై నాలుగు.

మా నిఘంటువుకు కూడా కింద ఒక బోర్డుంది, ‘ప్రధాన కార్యాలయం’ అని. శాఖలేమీ లేవు. ఒక గది, ఆరు బీరువాల కార్డులు, ఎడిటరుగారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. “ప్రూఫు తొందరేమీ లేదండీ,” అన్నారు.

“ప్రూఫు కోసం రాలేదు. కార్డు కావాలి. హెడ్డాఫీసు, మూడోది.”

సంగతంతా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నారు. వెళ్ళి చివరి బీరువా సొరుగు లాగి, కార్డు తెచ్చి, నా ముందు బల్ల మీద పెట్టారు.

నా రాతే. ‘హెడ్డాఫీసుకు మూడుసార్లు రాశాను, ఇంకా ఉలుకూ పలుకూ లేదు. చెప్పినవారు: లిఫ్టు మెకానిక్, 42. చోటు: ఇల్లు, భోజనం. తేదీ: ఏప్రిల్ 14.’ మూలన ఆఫీసు ముద్ర, ఏప్రిల్ 22న చేరినట్టు.

‘రాశాను’ తర్వాత, కామాకి ముందు, కాస్త ఖాళీ ఉంది. నా అక్షరాలు ఎప్పుడూ ఎడంగా ఉంటాయి. మూడు మాటలు ఇరికించి రాస్తే పడతాయి. ఆ కార్డు రాసిన కలమే సంచిలో ఉంది.

ఎడిటరుగారు కిటికీలోంచి బయటికి చూశారు. “కింద టీ కొట్టు దాకా వెళ్ళొస్తాను. పది నిమిషాలు పడుతుంది,” అన్నారు.

ఆయన టీ మానేసి ఆరేళ్ళయింది.

పది నిమిషాలూ కూర్చున్నాను. కలం తీశాను. మూత తీశాను. ఎవరికీ తెలియదు. కోడలు కాక తెలిసిన ఒక్క మనిషీ మెట్లు దిగి వెళ్ళాడు. పైగా నేను రాయబోయేది అబద్ధం కాదు, అతను అన్న మాటే.

అబ్బాయి మాట మీద ఒకసారి చెయ్యి చేసుకున్నాను. చాలు.

ఆయన తిరిగి వచ్చేసరికి మూత పెట్టేశాను. కార్డు వంక చూశారు. బీరువాలోంచి బయటికి వెళ్ళే కార్డుకి రాసే రసీదు పుస్తకం తెచ్చి, నా చేత సంతకం పెట్టించుకున్నారు. మా ఆఫీసులో ఆ పుస్తకం వాడడం ఎప్పుడూ చూడలేదు. ఉందని కూడా తెలియదు.

“గొడుగు తెచ్చుకున్నారా?” అని అడిగారు.

“తెచ్చుకోలేదు.”

“నాదీ లేదు,” అన్నారు.

జూన్ 17

కోడలికి కార్డు చూపించాను. రెండు వైపులా చూసింది. “ఇంతేనా?” అంది. ఇంతే.

సంతకం పెట్టలేదు. పెట్టనంది.

జూన్ 19, బుధవారం

విచారణ. పొడుగాటి గది, పొడుగాటి బల్ల, ఒక కాలు కింద మడత కాగితం. విచారణాధికారి ఆడమనిషి. ముక్కు చివర కళ్ళద్దాలు, ముందు సన్నగా చెక్కిన మూడు పెన్సిళ్ళు. నా శిష్యురాలై ఉండాల్సింది అనిపించింది.

హెడ్డాఫీసు నుంచి మనిషి వస్తాడేమో, ఎలా ఉంటాడో చూద్దాం అనుకున్నాను. లాయరును పంపారు. బ్రాంచి మేనేజరు అతని పక్కన, గ్రీజు ఆ చివర గోడ దగ్గర. సాక్షిగా పిలిస్తే వచ్చాడు. ప్రమాదం జరిగినప్పుడు పక్కనే ఉన్నది అతనే.

లాయరు చదివాడు. సేఫ్టీ బెల్టు ధరించలేదు, స్వీయ నిర్లక్ష్యం. బెల్టులు కావాలని మృతుడు హెడ్డాఫీసుకు ఏనాడూ రాయలేదు.

కోడలు లేచి, “మా అత్తయ్య దగ్గర ఒక కాగితం ఉంది,” అంది.

కార్డు ఇచ్చాను. అధికారి చదివింది. తిప్పి చూసింది. “ఇదేమిటమ్మా?”

చెప్పాను. ఒక మాటకి అర్థం రాయాలంటే జనం దాన్ని ఎలా వాడుతున్నారో వినాలి. విన్నది విన్నట్టు కార్డు మీద ఎక్కించాలి. ఎవరన్నారు, ఎక్కడ, ఏ రోజు. నలభై ఏళ్ళు అదే పని చేశాను, రిటైరయ్యాక ఇంటి నుంచి చేస్తున్నాను.

లాయరు కార్డు అడిగి తీసుకున్నాడు. “ఇందులో బెల్టు అన్న మాటే లేదు.”

“ఉండేది. తీసేశాను.”

“ఎందుకు తీసేశారు?”

“ఏడు మాటలు దాటకూడదని.”

వెనకెవరో కిసుక్కుమన్నారు. వాళ్ళ తప్పు కాదు. ఇంకొకరు చెప్పగా వింటే నాకూ నవ్వొచ్చేది.

“మీరు మృతుడి తల్లి,” అన్నాడు లాయరు. చాలా మర్యాదగానే అన్నాడు. “తల్లిగా, కొడుకు పేరు కాపాడుకోవాలనుకోవడం సహజం. ఇప్పుడు గుర్తొచ్చిందంటున్న ఆ మూడు మాటలూ...”

“తల్లిగా విని ఉంటే ఆ మూడు మాటలూ తీసేసేదాన్ని కాదు నాయనా,” అన్నాను.

గదిలో ఎవరూ నవ్వలేదు. మరీ నిశ్శబ్దం కూడా కాదు, ఫ్యాను తిరుగుతోంది.

అధికారి కార్డు మళ్ళీ తీసుకుంది. మూలన ముద్ర మీద పెన్సిలు పెట్టింది. “బెల్టుల మాట అలా ఉంచండి. ఏప్రిల్ ఇరవై రెండున ఈ కార్డు ఇంకో ఆఫీసులో చేరింది, అంటే ప్రమాదానికి ముందే. అప్పటికి మూడుసార్లు రాశానని ఆయన ఇంట్లో చెప్పాడు. మీరేమో అసలు రాయలేదంటున్నారు. దేని గురించి రాశాడో చూద్దాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మీ బ్రాంచి డిస్పాచి రిజిస్టరు తెప్పించండి.”

“హెడ్డాఫీసును అడగాలి మేడమ్,” అన్నాడు మేనేజరు.

“అడక్కండి. తెండి.”

అప్పుడు గ్రీజు లేచాడు. ఎవరూ పిలవలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“రిజిస్టరు వచ్చేదాకా ఆగడం నా వల్ల కాదమ్మా. ఏడుంటే ఆరు బెల్టులు పీలికలే. మంచిది ఒక్కటే ఉంది. ఆ రోజు అది నా నడుముకుంది.” ఆగాడు. “‘పెద్దోడివి, నువ్వు కట్టుకో’ అన్నాడు. ‘నీకింకా రెండేళ్ళే ఉంది, జాగ్రత్తగా దిగు’ అని జోకు కూడా వేశాడు. నేను కట్టుకున్నాను. వాడు రాసిన కాగితాలు మూడుసార్లూ మేనేజరు బల్ల మీద పెట్టింది నేనే. చదవడం రాకపోయినా పెట్టడం వచ్చు కదా.”

కోడలు గ్రీజు వంక తిరగలేదు. బల్ల అంచు పట్టుకుంది. చాలాసేపటికి వదిలింది.

బయటికి వచ్చాక గ్రీజు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కోడలు అతని ముందు ఆగింది. ఏమంటుందోనని చూశాను.

“భోజనం చేశావా అన్నయ్యా?” అంది.

జూన్ 20

ఏమీ లేదు.

జూన్ 23, ఆదివారం

గ్రీజు వచ్చాడు. వంటింట్లోకి వచ్చాడు. మూతలు తీయలేదు గానీ వాటి వంక చూశాడు. సంజాయిషీ అడుగుతూ అతనికి హెడ్డాఫీసు నుంచి నోటీసు వచ్చిందట. జేబులోంచి తీసి మనవరాలి చేత చదివించుకున్నాడు.

“ముప్ఫై ఆరేళ్ళలో వాళ్ళు నాకు రాసిన మొదటి ఉత్తరం పెద్దమ్మా,” అన్నాడు. “నా పేరు తప్పు రాశారా, సరిగ్గా రాశారా?”

“సరిగ్గానే రాశారు పెదనాన్నా.”

“పర్లేదే,” అన్నాడు. మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

జూన్ 27, గురువారం

మళ్ళీ విచారణ. రిజిస్టరు వచ్చింది. అట్ట ఊడిన పొడుగాటి పుస్తకం. ఫిబ్రవరి 5, మార్చి 4, ఏప్రిల్ 8. మూడు వరసలు, ఒకే క్లర్కు రాత. ‘హెడ్డాఫీసుకు: ఆరు కొత్త సేఫ్టీ బెల్టులు కోరుతూ.’ మూడింటి ఎదురుగా హెడ్డాఫీసులో అందుకున్నట్టు పొడి సంతకం. ఎవరిదో చదవడానికి రాలేదు. లాయరు కూడా ప్రయత్నించాడు.

రాయలేదన్న మాట ఎక్కడ పుట్టిందని అధికారి అడిగింది. మేనేజరు హెడ్డాఫీసు చెప్పిందన్నాడు. లాయరు బ్రాంచి చెప్పిందన్నాడు. ఇద్దరూ ఒకేసారి అన్నారు.

అధికారి మా ముందే ఆ నివేదికలో ‘స్వీయ నిర్లక్ష్యము’ అన్న చోట స్కేలు పెట్టి గీత కొట్టింది. పైన సిరాతో రాసింది. ‘పలుమార్లు కోరినను యాజమాన్యము భద్రతా సామగ్రి సమకూర్చకపోవుట.’ మిగతా ఉత్తర్వు తర్వాత వస్తుందట. కోడలు ఆ కాగితం నకలు తీసుకుని రెండుసార్లు చదివింది. మడిచి, సంచిలో కాదు, మనవరాలి లెక్కల పుస్తకంలో పెట్టింది. ఇవాళ ఆ పిల్ల కూడా వచ్చింది, స్కూలు మానేసి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కోడలు నా భుజం మీద నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. కదపలేదు.

గెలిచినట్టు ఉంటుందేమో అనుకున్నాను. బస్సు దిగి పాలు కొన్నాము.

జూన్ 30, ఆదివారం

నెలాఖరు. అర్థం రాశాను.

‘హెడ్డాఫీసు: (వాడుకలో) సంస్థ నిర్ణయాలు జరిగే చోటు. శాఖలో పనిచేసేవారు సాధారణంగా చూడని చోటు. రాతలో ప్రధాన కార్యాలయం. ఈ మాటను మనిషిలా వాడతారు. హెడ్డాఫీసు చెప్పింది, చూస్తుంది, ఒప్పుకోదు, బాధపడుతోంది.’

దీని కింద ఎడిటరుగారి కోసం పెన్సిలుతో ఒక వాక్యం రాశాను. ‘హెడ్డాఫీసు విన్నది అన్న ప్రయోగం నా కార్డుల్లో ఒక్కటీ దొరకలేదు.’ రాశాక దాన్ని చాలాసేపు చూశాను. ఆ క్రియ దొరకని చోట్లు ఇంకా ఉన్నాయి. ఈ బల్ల ఒకటి.

మూడో ప్రయోగం దిద్దాను. ఉన్నదాన్ని మార్చలేదు. ఇవాళ్టి తేదీతో కొత్త కార్డు రాశాను. ‘హెడ్డాఫీసుకు మూడుసార్లు రాశానమ్మా కొత్త బెల్టులు పంపమని, ఇంకా ఉలుకూ పలుకూ లేదు. ఏప్రిల్ 14న విన్నది, అప్పుడు కత్తిరించినది, ఇప్పుడు పూర్తిగా.’ చెప్పినవారు అన్న చోట ‘లిఫ్టు మెకానిక్, 42’ అని రాసి, పక్కన ‘నా కొడుకు’ అని రాశాను. అలా రాసే పద్ధతి లేదు.

ఎడిటరుగారికి ఫోను చేసి చెప్పాను. “పది మాటలు అవుతాయండీ,” అన్నాను.

“ఏడే కదా నియమం?” అన్నారు. తర్వాత, “నియమం పెట్టిందెవరో కనుక్కుని, ఆవిడతో మాట్లాడతాను,” అన్నారు.

జూలై 1, సోమవారం

హ సంపుటం చీటీలు మూట కట్టడానికి సంచి బోర్లించాను. అడుగున ఒకటి దొరికింది. నా రాతే.

‘బూట్లు వేళ్ళని కొరికేస్తున్నాయి నానమ్మా. విద్యార్థిని, 13. ఇల్లు, భోజనం. జూన్ 9.’

ఇరవై రెండు రోజులు.

లేచి స్కూలుకు వెళ్ళాను. గేటు దగ్గర నిలబడ్డాను. మనవరాలు బయటికి వస్తుంటే చూశాను. ఎడమ కాలు మడమ మీద నడుస్తోంది. ఎప్పటి నుంచి అలా నడుస్తోందో.

“నానమ్మా, నువ్వేంటి ఇక్కడ? ఎవరికేమైంది?” అంది. ఈ ఇంట్లో ఇక అదే మొదటి ప్రశ్న.

“ఎవరికీ ఏమీ కాలేదు. బూట్లు కొందాం పద.”

చెప్పుల షాపులో మేజోడు విప్పింది. బొటనవేలి గోరు నల్లగా ఉంది. షాపతను సైజు అడిగితే నేను పిల్ల వంక చూశాను, నాకు తెలియదు. కాలు కొలత పలక మీద పెట్టించాడు. పాత బూట్లు రెండు సైజులు చిన్నవట.

“ఒకసారి చెప్పావు కదే. మళ్ళీ ఎందుకు చెప్పలేదు?”

“చెప్పాను కదా. నువ్వు రాసుకున్నావు కూడా.” కొత్త బూటులో వేళ్ళు కదిపి చూసుకుంటోంది. “అందుకే మళ్ళీ చెప్పలేదు.”

దార్లో ఇంకేవో చెప్పింది. ఇల్లు వచ్చేదాకా చెబుతూనే ఉంది. మధ్యలో ఒక మాట ఎంత బాగుందో. అదేమిటో ఇక్కడ కూడా రాయడం లేదు. విన్నాను.